పార్లేలో మాటిమాటికీ ఒక్క లెగ్‌తోనే పోతోంది: లోపం ఎక్కడుంది?

రారిటన్ ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాను. 2017లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాను. మరుసటి ఏడాది మే 14న సుప్రీంకోర్టు, క్రీడా పందేలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదన్న 1992 నాటి చట్టాన్ని కొట్టివేసింది. నెల తిరిగేసరికి ఈ రాష్ట్రంలో పందేలు మొదలయ్యాయి. ఇదంతా నా కళ్ల ముందే జరిగినా చాలా ఏళ్లు వాటి జోలికి వెళ్లలేదు. కిందటి సెప్టెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ మొదలైనప్పుడు ఆఫీసులో పక్క సీటు మిత్రుడు తన ఫోనులో ఒక టికెట్ చూపించాడు. 20 డాలర్లకు 190 వచ్చాయి. ఆ రాత్రే నేనూ ఖాతా తెరిచాను.

పార్లే అంటే తెలియనివారి కోసం: నాలుగైదు పందేలను ఒకే టికెట్‌గా కడతారు. ఒక్కో పందేన్ని లెగ్ అంటారు. అన్నీ గెలిస్తేనే డబ్బు. ఒక్కటి పోయినా టికెట్ మొత్తం పోతుంది. అందుకే గెలిస్తే వచ్చే సొమ్ము పెద్దదిగా ఉంటుంది.

నేను ఇష్టం వచ్చినట్టు కాసేవాణ్ని కాదు. మొదటి రోజే నియమాలు పెట్టుకున్నాను. టికెట్‌కు 25 డాలర్లు, నాలుగు లెగ్‌లు, ప్రతి లెగ్ −200 దగ్గరలో ఉండే జట్టు. అంటే 100 గెలవడానికి 200 కాయాల్సినంత గట్టి జట్టు. ఆదివారం పొద్దున్న అయిదింటికి లేచి గాయాల జాబితా, గాలి వేగం, కిందటి వారం ఆటతీరు అన్నీ చదివిన తరువాతే ఎంచుకుంటాను. కాసిన ప్రతి టికెట్‌నూ పట్టికలో రాసుకున్నాను. ఇవాళ్టికి లెక్క ఇది: 120 టికెట్లు, పెట్టింది 3,000 డాలర్లు. గెలిచినవి 18. తిరిగి వచ్చింది 2,278. పోయింది 722.

నన్ను నిద్ర పోనివ్వనిది ఆ 722 కాదు. ఓడిన 102 టికెట్లలో 46 టికెట్లు ఒకే ఒక్క లెగ్ తేడాతో పోయాయి. నవంబరులో ఒక సోమవారం రాత్రి మూడు లెగ్‌లు అప్పటికే వచ్చేశాయి. నాలుగో జట్టు ఆఖరి నిమిషంలో ఫీల్డ్ గోల్ కొడితే, అంటే బంతిని రెండు స్తంభాల మధ్యకు తన్నితే చాలు. బంతి కుడి స్తంభానికి తగిలి బయటికి పోయింది. పక్క గదిలో పాప నిద్రపోతోందని అరవలేదు. వంటింట్లోకి వెళ్లి గ్లాసు నీళ్లు తాగి, ఎంతసేపో అక్కడే నిలబడిపోయాను.

లెగ్‌లు విడివిడిగా చూస్తే 480లో 304 నేను చెప్పినట్టే జరిగాయి. నూటికి 63 సరిగ్గా చెబుతున్నవాడు నష్టపోవడం ఎలా సాధ్యం? లోపం నా ఎంపికలో కాదు, ఆ ఒక్క లెగ్‌ను ముందే పసిగట్టలేకపోవడంలో ఉందని నా అనుమానం. అడగదలచినవి మూడు. ప్రతి టికెట్‌లో బలహీనమైన లెగ్‌ను పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా? ఒక్క లెగ్‌తో పోతే 25 డాలర్లను నగదుగా కాక, మళ్లీ పందేనికే వాడాల్సిన బోనస్ బెట్‌గా తిరిగి ఇస్తామని ఒక యాప్ వాళ్లు రోజూ కబురు పంపుతున్నారు, తీసుకోవచ్చా? మూడోది: వచ్చే శని, ఆదివారాల్లో నాలుగు ప్లేఆఫ్ ఆటలున్నాయి. వాటికి నాలుగు బాస్కెట్‌బాల్ ఆటలు కలిపి ఎనిమిది లెగ్‌ల టికెట్ ఒకటి సిద్ధం చేశాను. 500 డాలర్లు పెడితే 12,800 వస్తాయి. నష్టం పూడిపోయి, వేసవిలో విజయవాడ ప్రయాణం ఖర్చు కూడా వచ్చేస్తుంది. శుక్రవారం రాత్రిలోగా నిర్ణయించుకోవాలి.

పందేలు తప్పా ఒప్పా అన్న చర్చ కోసం రాయలేదు. లెక్క తెలిసినవారు చెప్పండి.

పైన్ చెట్ల ఊరు

నార్త్ కరొలినాలోని షార్లెట్ నుంచి రాస్తున్నాను. మా రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2024 మార్చిలో మొదలయ్యాయి, అప్పటి నుంచి నేనూ కాస్తున్నాను. పార్లేను మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. అది గడ్డపార లాంటిది. మీ ఎంపికలో బలం ఉంటే దాన్ని పెంచి చూపిస్తుంది. మీ 63 శాతం చిన్న విషయం కాదు.

నా సలహా: నాలుగు లెగ్‌లు ఎక్కువ, రెండుకు తగ్గించండి. మూడు వచ్చేసి నాలుగోది మిగిలినప్పుడు క్యాషౌట్ తీసుకోండి, అంటే యాప్ అప్పటికి ఇస్తామన్న సొమ్ము తీసుకుని టికెట్ వదిలేయండి, ఆ సోమవారం రాత్రి బాధ తప్పేది. ఇంకో మాట, వేరువేరు ఆటల కంటే ఒకే ఆటలోని లెగ్‌లు కలపడం మేలు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఎక్కువ గజాలు విసిరితే, దాన్ని పట్టుకునే అతని రిసీవర్‌కూ ఎక్కువ గజాలు వస్తాయి కదా, ఒకటి వస్తే రెండోది దానంతట అదే వస్తుంది. 500 టికెట్ మాత్రం వద్దు. 100తో కాయండి.

గుణకారం

బాబూ, గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో 31 ఏళ్లు సంఖ్యాశాస్త్రం చెప్పాను. ఇప్పుడు టెక్సస్‌లో, ప్లేనోలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ రాష్ట్రంలో ఈ పందేలకు అనుమతి లేదు, జీవితంలో నేను ఒక్కటీ కాసి ఎరగను. అయినా మీ అంకెలు చదివాక మధ్యాహ్నం నిద్ర మానేసి కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ఇంత శుభ్రంగా లెక్క రాసుకున్న మనిషి దాని నుంచి తప్పుడు అర్థం తీసుకోవడం నాకు కష్టంగా ఉంది. నిదానంగా చదవండి.

ముందు మీ 63 శాతం సంగతి. −200 జట్టు మీద మూడుసార్లు 200 చొప్పున కాశారనుకోండి. రెండుసార్లు గెలిస్తే 100 చొప్పున 200 వచ్చాయి. ఒకసారి ఓడితే 200 పోయాయి. సరికి సరి. అంటే ఆ ధర దగ్గర లాభనష్టాలు లేకుండా బయటపడాలన్నా మూడింట రెండు, నూటికి 66.7 గెలవాలి. మీకు వచ్చినవి 63.3. పరీక్షలో 63 మంచి మార్కులే. కానీ ఇక్కడ ఉత్తీర్ణత మార్కు 35 కాదు, 66.7. ఆ మార్కును నిర్ణయించేది ధర.

ఇంకొక అడుగు వేయండి. ఒక జట్టు −200 అయినప్పుడు ఎదుటి జట్టు సుమారు +170 ఉంటుంది, అంటే 100 కాస్తే 170 గెలుస్తారు. మొదటి ధరలో దాగిన అవకాశం 66.7 శాతం, రెండో ధరలో దాగినది 37. కలిపితే 103.7. రెండు జట్లలో ఒకటే గెలుస్తుంది కాబట్టి నిజానికి 100 ఉండాలి. ఆ పైనున్న 3.7లోనే పందేలు తీసుకునే దుకాణదారు కమీషన్ ఉంది. దాన్ని తీసేసి చూస్తే −200 జట్టు గెలిచే అవకాశం 64.3 శాతం. ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకోండి. అతనికి ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. −200 అని కనిపించిన ప్రతిదాన్నీ పేరు కూడా చదవకుండా ఎంచుకున్నాడు. 480లో అతనికి దాదాపు 309 రావాలి. మీకు 304 వచ్చాయి.

మీకు ఆట తెలియదని నేను అనడం లేదు. 480లో అయిదు అటూ ఇటూ కావడం ఏమీ లెక్కలోకి రాదు. కానీ ఆదివారం పొద్దున్న అయిదింటికి లేచి మీరు చదివిన గాయాల జాబితా, గాలి వేగం అన్నీ ధర కట్టినవాడు మీకంటే ముందే చదివాడు. అవన్నీ ఆ −200 లోపలే ఉన్నాయి. దాన్ని దాటి మీరు తెచ్చింది ఏదైనా ఉంటే అది 304లో కనబడాలి. కనబడలేదు.

ఇక మిమ్మల్ని నిద్ర పోనివ్వని 46. నాలుగూ గెలిచే అవకాశం కోసం 0.643ను నాలుగుసార్లు గుణించండి: 0.171 వస్తుంది. 120 టికెట్లలో 20 లేదా 21 గెలవాలి, మీరు 18 గెలిచారు. ఒక్కటి మాత్రం పోయే అవకాశం ఎంత? ఆ పోయేది నాలుగింటిలో ఏదైనా కావచ్చు కాబట్టి దారులు నాలుగు. 4 × 0.643 × 0.643 × 0.643 × 0.357. ఇది 0.38. 120 టికెట్లలో 45 లేదా 46.

మీ పట్టికలో 46 ఉంది. నా తరగతిలో పిల్లలతో నాణేలు ఎగరేయించినా ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఆ 46 మీ దురదృష్టం కాదు, మీ నేర్పుకు గుర్తూ కాదు. నాలుగు లెగ్‌ల టికెట్ పుట్టుకలోనే అది ఉంది. గెలుపు కంటే, ఒక్కటి తక్కువ కావడం రెండు రెట్లకు పైగా ఎక్కువసార్లు జరిగేలా ఆ టికెట్ ఉంటుంది. బలహీనమైన లెగ్ అంటూ ఒకటి లేదు బాబూ. పోయిన తరువాత దానికి ఆ పేరు పెడుతున్నారు. స్తంభానికి బంతి తగిలిన రాత్రి గెలిచిన మూడు లెగ్‌లకూ, పోయిన నాలుగోదానికీ ఆట మొదలయ్యే ముందు అవకాశం ఒక్కటే.

మా పెద్ద బావగారు హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ మలక్‌పేట గుర్రప్పందేలకు వెళ్లేవారు. అక్కడ జాక్‌పాట్ అని ఉంటుంది, వరుసగా అయిదు రేసుల విజేతల్ని చెప్పాలి. ఇంటికి రాగానే ఆయన నోట వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: "నాలుగు వచ్చాయిరా, అయిదోది ముక్కు తేడాతో పోయింది." ఇరవై ఏళ్లు ఆ మాట విన్నాను. అక్కయ్య గాజులు రెండు తాకట్టుకు వెళ్లి తిరిగి రాలేదు. మూడే వచ్చి ఉంటే ఆయన మానేసేవారేమో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన్ని మళ్లీ మళ్లీ మలక్‌పేటకు పంపింది ఆ ముక్కు తేడాయే.

గడ్డపార అన్న మిత్రుడి మాట నిజమే. అయితే అది ఎటు పెడితే అటు పనిచేస్తుంది. పార్లే అంటే నిజానికి వరుస పందేలు, గెలిచినదంతా పైసా తీయకుండా తరువాతి దాని మీద పెట్టడం. మీ 25 మొదటి ఆటలో 37.50 అవుతుంది. అదంతా రెండో ఆట మీదికి వెళ్లి 56.25, మూడో ఆట తరువాత 84.38. కమీషన్ కోత ప్రతి మెట్టు దగ్గరా పెరిగిన మొత్తం మీద పడుతుంది. ఒక్క −200 పందేనికి కోత 3.6 శాతం. రెండు లెగ్‌లకు 7, నాలుగుకు 13.5, ఎనిమిదికి 25. మీ 3,000 మీద నాలుగు లెగ్‌ల కోత సుమారు 400. మిగతా 320 నష్టం, రావలసినదాని కంటే రెండు మూడు టికెట్లు తక్కువ రావడం వల్ల. అదే 3,000ను 480 విడి పందేలుగా, 6.25 చొప్పున కాసి ఉంటే, ఇవే 304 గెలుపులతో మీ నష్టం 150. మీ ఎంపిక మారలేదు, ఆటలు మారలేదు. నాలుగింటిని ఒక టికెట్‌కు కట్టినందుకే ఆ తేడా.

నా కాగితం లెక్క నమ్మకపోయినా ఫరవాలేదు. నెవాడా రాష్ట్రంలో జూదాన్ని నియంత్రించే గేమింగ్ కంట్రోల్ బోర్డు పార్లే కార్డుల లెక్కను విడిగా చూపిస్తుంది. దశాబ్దాల సగటు తీస్తే విడి ఫుట్‌బాల్ పందేల్లో దుకాణాలకు మిగిలేది నూటికి 5 దగ్గర ఉంటుంది, పార్లే కార్డుల్లో 30 చుట్టూ ఉంటుంది. మీకు రోజూ వచ్చే కబుర్లు విడి పందేల గురించా, పార్లేల గురించా, ఒకసారి చూసుకోండి.

ఒకే ఆటలోని లెగ్‌ల గురించి. క్వార్టర్‌బ్యాక్, రిసీవర్ కలిసి నడుస్తారన్నది మనకే కాదు, ధర కట్టేవాడికీ తెలుసు. అందుకే అక్కడ రెండు ధరల గుణకారం ఇవ్వరు, తమ సొంత లెక్కతో తక్కువ ధర ఇస్తారు. వేరువేరు ఆటలైతే కనీసం మీరు గుణించి సరిచూసుకోవచ్చు. ఒకే ఆటలో ఎంత కోశారో బయటివాడికి తెలిసే దారి లేదు. క్యాషౌట్ కూడా అంతే. మూడు వచ్చాక మీ టికెట్ అసలు విలువ 126.56లో 64.3 శాతం, అంటే సుమారు 81. వాళ్లు 74 ఇస్తామంటే ఆ ఏడు రెండోసారి కోత. ఇంత ముందే లెక్కగట్టి తీసుకుంటే తీసుకోండి, భయంతో మాత్రం తీసుకోవద్దు.

బోనస్ బెట్‌లో గెలిస్తే లాభం మాత్రమే ఇస్తారు, ఆ 25 తిరిగి ఇవ్వరు. −200 జట్టు మీద పెడితే లాభం 12.50, అవకాశం 64.3 శాతం. దాని విలువ ఎనిమిది డాలర్లు. మళ్లీ నాలుగు లెగ్‌లకు పెడితే సుమారు పదిహేడు. మీ చేతిలోంచి పోయింది మాత్రం నిజమైన 25.

ఎనిమిది లెగ్‌ల టికెట్ గెలిచే అవకాశం 2.9 శాతం. 34 వారాంతాల్లో ఒక్కసారి. సరిగ్గా ఒక్క లెగ్‌తో పోయే అవకాశం 13 శాతం, గెలుపుకు నాలుగు రెట్లు పైనే. 500 పెట్టి కొన్న క్షణానే దాని విలువ 374. పోతే 500 పోతుంది, దాని గురించి కాదు నా భయం. ఏడు వచ్చి ఎనిమిదోది పోతే, ఆ మరుసటి వారం మీరు ఎంత పెడతారో అన్నది నా భయం. పట్టికలో 25 డాలర్ల నియమం రాసుకున్న మనిషి 500 దగ్గరకు ఎలా వచ్చారో మీరే చూసుకోండి.

పద్దుల పుస్తకం

మాస్టారు వదిలేసిన విషయం ఒకటి చెబుతాను. పన్నుల పని చేస్తాను కాబట్టి ప్రతి ఏప్రిల్‌లో చూసేదే. ఫెడరల్ పన్ను లెక్కలో గెలుపులు, ఓటములు కలిపి నికరంగా చూపించడం కుదరదు. మీ 18 గెలిచిన టికెట్ల లాభం సుమారు 1,828 డాలర్లు, అది ఆదాయం. ఓడిన 2,550ను తీసివేయాలంటే స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపించకుండానే ఆదాయంలోంచి తగ్గించే స్థిరమైన మొత్తం) వదులుకుని ఖర్చులు విడివిడిగా చూపించాలి, అదీ గెలిచినంత వరకే. మనవాళ్లలో చాలామంది స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటారు. అంటే 722 పోగొట్టుకుని, 1,828 మీద పన్ను కూడా కట్టాలి. ఇవన్నీ ఏ ఏడాది టికెట్లు ఆ ఏడాదికి విడదీయండి.

2026 నుంచి ఓటముల్లో 90 శాతమే లెక్కకు వస్తాయి. లక్ష గెలిచి లక్ష ఓడినవాడు, చేతికి ఏమీ రాకపోయినా, పదివేల మీద పన్ను కట్టాలి.

రారిటన్ ఒడ్డు

మాస్టారూ, మీ జవాబు మూడుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ ఆ గుణకారాలన్నీ నా పట్టికలోనే వేసి చూశాను. మూడు వచ్చినవి 46, రెండే వచ్చినవి 39, ఒక్కటే వచ్చినవి 16, ఏదీ రానిది 1. మీ 0.643తో లెక్క వేస్తే రెండే వచ్చేవి 38 ఉండాలి. మిగతావీ దగ్గరగానే ఉన్నాయి. నాలుగు నెలల ఆదివారాలు నేను నా తెలివితో చేస్తున్నాననుకున్న పని ఒక సూత్రంలోకి ఇలా ఒదిగిపోతుందని ఊహించలేదు. దుఃఖమో ఏమో చెప్పలేను, చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

500 టికెట్ కాయను. కానీ నిజం చెప్పాలి కదా: యాప్ ఇంకా ఫోనులోనే ఉంది. మా ఆవిడకు పందేలు కాస్తున్నానని తెలుసు, 3,000 పెట్టానని తెలియదు. లెక్క తెలిశాక కూడా శనివారం ఆటల ధరలు ఇప్పటికే రెండుసార్లు చూశాను. లెక్క తెలిస్తే చాలదా? మీలో ఎవరైనా మానేసినవారు ఉంటే ఎలా మానేశారో చెప్పండి.

గోరింటాకు

నేను మానేసినదాన్ని కాదు. మా ఆయన మానేశారు, నేను పక్కన ఉన్నాను. మేమూ న్యూజెర్సీలోనే.

మీరు లెక్క తెలిస్తే చాలదా అన్నారు. మా ఆయన ఆక్చువరీ పరీక్షలు, అంటే బీమా సంస్థలకు నష్టావకాశాలు లెక్కగట్టేవారి పరీక్షలు పాసైనవారు. మాస్టారు చెప్పిన ప్రతి అంకె ఆయనకు నాకంటే, బహుశా మీకంటే కూడా బాగా తెలుసు. శనివారాలు బాబును తెలుగు తరగతికి తీసుకెళ్లి, తరగతి అయ్యేదాకా కారులోనే కూర్చునేవారు. పని ఫోన్లు అనుకున్నాను. ఒక రోజు బాబు బయటికి వచ్చి అద్దం తడితే, లోపల ఉన్న మనిషి తలెత్తలేదు. వర్షంలో వాడు అలా నిలబడే ఉన్నాడు. ఎవరి తల్లో చూసి తన గొడుగు కిందకు తీసుకున్నారట. ఆ తరువాత రెండు రోజులకు క్రెడిట్ కార్డు బిల్లులో నగదు తీసుకున్నట్టు రుసుములు కనిపించాయి. మేము ఎక్కడా నగదు తీసుకోలేదు. కార్డు నుంచి పందెం ఖాతాకు డబ్బు వేస్తే చాలా బ్యాంకులు దాన్ని నగదు కిందే లెక్కకట్టి, మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయని అప్పుడు తెలిసింది. మొత్తం పోయినది ఎంతో ఇక్కడ రాయను. మీ 722 పక్కన అది పెద్ద సంఖ్య. కానీ మొదలైంది 10 డాలర్ల టికెట్‌తో.

నేను అరిచాను, ఏడ్చాను, మా అత్తగారితో చెప్పిస్తానని బెదిరించాను. వాటి వల్ల ఆయన ఫోనును ఇంకా లోపల దాచుకోవడం నేర్చుకున్నారు, అంతే. పనికొచ్చినవి రెండు. ఒక రాత్రి నేనే జూదం నుంచి బయటపడడానికి సాయం చేసే 1-800-గ్యాంబ్లర్ నంబరుకు ఫోను చేశాను. ఆడేవాళ్లే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు. అటువైపు ఆవిడ నన్ను ఒక్క ప్రశ్నతో కూడా సిగ్గుపడేలా చేయలేదు. రెండోది, రాష్ట్ర గేమింగ్ విభాగంలో ఆయనే స్వయంగా సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్‌కు, అంటే తనను పందేలు కాయనివ్వవద్దని, పేరు ఇచ్చారు. ఏడాదికి ఇవ్వవచ్చు, అయిదేళ్లకు ఇవ్వవచ్చు. ఆయన అయిదు రాశారు. తరువాత కొన్నాళ్లు, జూదం మానాలనుకునేవారు కలిసే గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లారు, 1957 నుంచి నడుస్తున్న సంస్థ అది. మొదటిసారి వెళ్లి వచ్చి, అక్కడ ఒక పెద్దాయన ముప్పయ్యేళ్ల కిందటి టికెట్‌లో పోయిన చివరి గుర్రం పేరు ఇంకా చెబుతున్నాడని అన్నారు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

అన్నయ్యా, మీ పట్టిక ఇవాళే వదినకు చూపించండి. మీరు చెప్పకముందే ఆవిడకు బిల్లులో కనిపిస్తే ఆవిడ చదివేది 722ను కాదు, అన్ని ఆదివారాల మౌనాన్ని. నాకు అలాగే అయింది.

గుణకారం

అమ్మా, మీరు రాసినది నేను రాయగలిగేదాని కంటే ముఖ్యమైనది. రారిటన్ బాబూ, నా లెక్క తెలిస్తే మీరు ఆగిపోతారని నేను అనుకోవడం పొరపాటే. తరగతి గదిలో అలవాటైన పొరపాటు. మా బావగారికి కూడా లెక్కలు వచ్చు, రైల్వే అకౌంట్స్‌లో పనిచేశారు.

రారిటన్ ఒడ్డు

శనివారం పొద్దున్న రాస్తున్నాను. నిన్న రాత్రి పాప పడుకున్నాక మా ఆవిడకు పట్టిక మొత్తం చూపించాను. చాలాసేపు పైకీ కిందకీ జరుపుతూ చూసింది. కోపం వస్తుందనుకున్నాను. "ఇందులో గంటలు రాసుకోలేదా?" అని అడిగింది. రాసుకోలేదు. ఇద్దరం కూర్చుని గుర్తు చేసుకుంటూ వేశాం. పొద్దున్న చదివినవి, రాత్రి చూసినవి, మధ్యలో ఫోను చూసినవి. 300 దాటాక ఆపేశాం.

డబ్బు వేసే పరిమితిని సున్నాకు దగ్గరగా పెట్టి, యాప్ తీసేశాను. గోరింటాకు గారూ, ఒక సందేహం. నాకు రెండు యాప్‌లలో ఖాతాలున్నాయి. సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్‌కు ఒక్కోదానికి విడిగా అడగాలా? ఏడాదికి ఇస్తే మధ్యలో మనసు మారితే రద్దు చేసుకోవచ్చా? మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది, ఇప్పుడే నింపుదామంటోంది.

గోరింటాకు

విడిగా అక్కర్లేదు. రాష్ట్ర విభాగంలో ఒక్కసారి ఇస్తే న్యూజెర్సీలో అనుమతి ఉన్న ఆన్‌లైన్ దుకాణాలన్నిటికీ వర్తిస్తుంది. గడువు ముగిసేదాకా రద్దు చేసుకోలేరు. గడువు అయ్యాక కూడా దానంతట అది తొలగిపోదు, మీరే మళ్లీ అడగాలి. ఖాతాలో డబ్బు మిగిలి ఉంటే ముందు వెనక్కి తీసుకోండి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, అడుగుతారు.